ఏకవచనానికి కత్తులు దూసిన ఇంగ్లీషు

షేక్‌స్పియర్ కాలపు నాటకం అనగానే మనం డిక్షనరీ కోసం చేయి చాస్తాం. ఆ నాటకాలు కొత్తగా ఆడుతున్న రోజుల్లో చూసేవారి దగ్గర ఆ డిక్షనరీయే లేదు!

1603 నవంబరు. లండన్‌లో ప్లేగు చెలరేగడంతో ఒక రాజద్రోహం కేసు విచారణను వించెస్టర్‌కు మార్చారు. బోనులో నిలబడింది సర్ వాల్టర్ రాలీ. నావికుడు, కవి, ఎలిజబెత్ రాణి బతికున్నంతకాలం కొలువులో పేరు మోసిన మనిషి. ప్రభుత్వం తరఫున వాదిస్తున్నది అటార్నీ జనరల్ ఎడ్వర్డ్ కోక్. సాక్ష్యం అంతంతమాత్రం. ఆ లోటును కోక్ గొంతుతో పూడ్చాడు. ఆయన ఆ రోజు రాలీని తిట్టిన తిట్లన్నీ ఒక ఎత్తు, ‘దౌ’ అని పిలవడం ఒక్కటీ ఒక ఎత్తు. పిలిచి ఊరుకోలేదు, కావాలనే అలా పిలుస్తున్నానని నొక్కి చెప్పాడు కూడా.

ఆ రోజుల్లో ఇంగ్లీషులో ఎదుటి మనిషిని పిలవడానికి రెండు మాటలుండేవి. ‘దౌ’ ఏకవచనం. ‘యూ’ మొదట బహువచనం, పోనుపోను గౌరవానికీ అదే మాటైంది. మనకు ‘నువ్వు’, ‘మీరు’ ఉన్నట్టే. కొలువుల్లో తిరిగిన పెద్దమనిషిని నలుగురి ముందు ‘దౌ’ అంటే చెంప మీద కొట్టినంత పని. ఇవాళ్టి లండన్ కుర్రాడికి ఈ సంగతి కింద ఫుట్‌నోట్ పెట్టి చెప్పాలి. “నన్నే ఏకవచనంలో పిలుస్తావా?” అంటూ పంచాయితీలు జరిగే నేల మీద పుట్టిన మనకు ఆ అవసరం లేదు.

అంతకు దాదాపు రెండేళ్ల ముందే, 1602 ఫిబ్రవరిలో, మిడిల్ టెంపుల్‌లో లాయర్ల ముందు షేక్‌స్పియర్ ‘ట్వెల్ఫ్త్ నైట్’ ఆడింది. అందులో సర్ టోబీ అనే తాగుబోతు పెద్దమనిషి, పిరికివాడైన తన స్నేహితుడి చేత ద్వంద్వయుద్ధానికి సవాలు లేఖ రాయిస్తాడు. రెచ్చగొట్టడానికి సలహా ఏమిటంటే, ఉత్తరంలో అవతలివాణ్ణి ఓ మూడుసార్లు ‘దౌ’ అనమని. ఆ రోజు ముందు వరుసల్లో కూర్చున్న లాయర్లకు ఈ హాస్యం ఎంత బాగా అంది ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఈ కథనం ఆ కాలపు నాటకాల భాష గురించి. 1576లో జేమ్స్ బర్బేజ్ లండన్ శివారు షోర్‌డిచ్‌లో ‘ది థియేటర్’ కట్టించిన దగ్గర్నుంచి, 1642లో పార్లమెంటు నాటకశాలలు మూయించేదాకా మార్లో, కిడ్, షేక్‌స్పియర్, బెన్ జాన్సన్, డెకర్, మిడిల్టన్, వెబ్‌స్టర్ రాసిన భాష. మనం దాన్ని ‘పాత ఇంగ్లీషు’ అనేస్తాం. పండితులు ఒప్పుకోరు. వాళ్ల లెక్కలో పాత ఇంగ్లీషంటే వెయ్యేళ్ల కిందటిది, దాదాపు వేరే భాష. ఇది ఆధునిక ఇంగ్లీషు తొలిరూపం. వ్యాకరణం చాలావరకు మనం బళ్లో దిద్దుకున్నదే. మరి ఎందుకంత కష్టం? చెవి కోసం, ఫలానా నటుడి నోటి కోసం రాసిన మాటల్ని మనం పరీక్ష కోసం చదివాం. అసలు నాటకం ముఖం చూడకుండా గైడు కొని గట్టెక్కిన తరాలు మనవి.

అమ్మ ‘నువ్వు’ అంది, మరుక్షణం ‘మీరు’ అంది

‘హామ్లెట్’లో తల్లీకొడుకుల సన్నివేశం ఒకటుంది. రాజు పోయాడు. రెండు నెలలైనా తిరక్కముందే రాణి గెర్‌ట్రూడ్ మరిది క్లాడియస్‌ను పెళ్లాడింది. కొడుకు తీరు శ్రుతి మించుతోందని మందలించడానికి గదికి పిలిపించుకుంది. నీ తండ్రిని చాలా నొప్పించావంటూ మొదలుపెడుతుంది. తండ్రి అంటే ఆమె ఉద్దేశంలో క్లాడియస్. అక్కడ ఆమె వాడింది ‘దౌ’. కన్నబిడ్డ మీద చనువు అది. హామ్లెట్ ఆ వాక్యాన్నే తిప్పి ఆమెకు అప్పజెబుతాడు. రెండే మార్పులు. తండ్రి అన్న మాటలో చచ్చిపోయిన కన్నతండ్రిని నిలబెడతాడు, ‘దౌ’ ఉన్నచోట ‘యూ’ పెడతాడు. తల్లిని ‘యూ’ అనడం ఆనాటి మర్యాదే కనుక అందులో పైకి తప్పేమీ కనిపించదు. అసలు విశేషం ఆ తర్వాతి పాదంలో ఉంది. దెబ్బ తిన్న గెర్‌ట్రూడ్ ‘దౌ’ వదిలేసి కొడుకును ‘యూ’ అనేస్తుంది. చనువు తెగింది. అర్ధరాత్రి ఇల్లు చేరిన కొడుకుతో మన అమ్మ “తమరు ఇప్పుడు దయచేశారా?” అన్నప్పుడు ఎలా ఉంటుందో తెలిసినవారికి ఆ పాదం చదివితే చాలు, వ్యాఖ్యానం అక్కర్లేదు.

‘కింగ్ లియర్’ కథ మనకు దూరపు చుట్టమేం కాదు. 1949లో కె.వి.రెడ్డి తీసిన ‘గుణసుందరి కథ’కు బీజం అక్కడిదే. ముఖస్తుతి చేయని చిన్నకూతురి మీద తండ్రి కత్తిగట్టే ఘట్టంలో, కెంట్ ప్రభువు అడ్డుపడతాడు. బిరుదులతో, వినయంతో మొదలుపెడతాడు. లియర్ వినడు. అప్పుడు కెంట్ నిండు సభలో రాజును ‘దౌ’ అంటాడు, పైగా ముసలివాడా అంటాడు. దేశబహిష్కారం శిక్ష పడుతుంది. మన చెవికి ఆ శిక్ష ఎందుకు పడిందో సర్వనామం దగ్గరే తెలిసిపోతుంది. ఇవాళ్టి ఇంగ్లీషు ప్రేక్షకుల్లో చాలామందికి ‘దౌ’ అంటే ఏదో బైబిల్ వాసన, పాత కవిత్వపు గాంభీర్యం. ఉన్నదానికి సరిగ్గా తలకిందులు.

అయితే దీన్ని లెక్కల సూత్రంలా బట్టీపడితే బోల్తా పడతాం. ‘దౌ’లో తిరస్కారం ఉంది, ప్రేమా ఉంది. దేవుణ్ణి ‘దౌ’ అనేవారు. మనమూ వెంకన్నను “నువ్వే దిక్కు” అంటాం గాని “మీరే దిక్కు” అనం కదా. సామాన్య జనం తమలో తాము ‘దౌ’ అనుకునేవారు, గొప్పింటి భార్యాభర్తలు ఏకాంతంలోనూ ‘యూ’ అనుకునేవారు. తెలంగాణ పల్లెలో పెద్దమనిషిని “నువ్వు” అన్నా అందులో అగౌరవం లేదు, అదే మాట గోదావరి జిల్లాల్లో అంటే ముఖాలు మాడతాయి. కాబట్టి చూడాల్సింది ‘దౌ’ ఎక్కడుందని కాదు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఎక్కడ మారిందని. పదిహేడో శతాబ్దం ముగిసేసరికి మర్యాదస్తుల ఇంగ్లీషులోంచి ‘దౌ’ జారిపోయింది. దేవుడి ముందు అందరూ సమానమే కాబట్టి అందరినీ ఏకవచనంలోనే పిలుస్తామన్న క్వేకర్లు ఈలోగా తిట్లూ దెబ్బలూ తిన్నారు.

తెలిసిన మాటలే మోసం చేస్తాయి

తెలియని మాట తగిలితే ఆగుతాం, వెతుక్కుంటాం. తెలిసిన మాటకు ఆగం. ఈ నాటకాల్లో గోతులన్నీ అక్కడే ఉన్నాయి.

‘ప్రెజెంట్లీ’ అంటే అప్పట్లో వెంటనే. ‘స్టిల్’ అంటే ఎప్పుడూ. ‘శాడ్’ అంటే చాలాచోట్ల ఏడుపు ముఖం కాదు, గంభీరంగా ఉండటం. ‘లెట్’ అంటే రానివ్వడమే కాదు, అడ్డుకోవడం కూడా. తండ్రి ప్రేతం రమ్మని పిలిచినప్పుడు హామ్లెట్ తనను ‘లెట్’ చేసినవాణ్ణి చంపేస్తానంటాడు. ఇవాళ్టి అర్థంతో చదివితే దారి ఇచ్చినవాణ్ణి చంపుతానన్నట్టు ఉంటుంది. టెన్నిస్‌లో బంతి నెట్‌కు తగిలినప్పుడు అనే ‘లెట్’లో ఆ పాత అర్థమే మిగిలిందంటారు. ‘డౌట్’ సంగతి మరీ తమాషా. అప్పట్లో దానికి ‘అలా జరిగిందేమోనని అనుమానించడం’ అనే అర్థం కూడా ఉండేది. ఆధునిక ఇంగ్లీషు ఆ అర్థాన్ని దాదాపు వదిలేసింది, మనం వదల్లేదు. “పర్సు వాడే తీశాడని నా డౌటు” అనే మనిషి తనకు తెలియకుండానే షేక్‌స్పియర్ ఇంగ్లీషు మాట్లాడుతున్నాడు.

జూలియట్ బాల్కనీలో నిలబడి రోమియో గురించి అడిగే ‘వేర్‌ఫోర్’ను సినిమాల్లో, స్కిట్లలో “ఎక్కడున్నావ్” అన్నట్టు చేయి అడ్డం పెట్టుకుని వెతుకుతూ నటిస్తుంటారు. ఆ మాటకు అర్థం ‘ఎందుకు’. శత్రువు ఇంటి పేరు నీకే ఎందుకుండాలని ఆమె బాధ. ఇది చాలామందికి తెలిసిందే. తక్కువమంది గమనించేది ‘లియర్’లో ఉంది. ముసలి ప్రభువు గ్లాస్టర్‌ను కుర్చీకి కట్టేసి, లియర్ కూతురు రేగన్ అతని గడ్డం పీకుతుంది. ఇంకాసేపట్లో కళ్లు పెరికేస్తారు. అప్పుడు ఆ ముసలాయన ఆమెను ‘నాటీ’ అంటాడు. ఇవాళ అది అల్లరి పిల్లల్ని ముద్దుగా కసిరే మాట. అప్పట్లో దుర్మార్గురాలు, పాపిష్టిది అన్నంత ఘాటైన మాట. ఈ ఒక్క మాట దగ్గర ప్రేక్షకుల్లో ఎవరైనా కిసుక్కుమంటే సన్నివేశం నాశనమైపోతుంది. దర్శకులకు అక్కడ గుండె దడే.

‘ఒథెల్లో’ మొత్తం ‘హానెస్ట్’ అనే మాట చుట్టూ తిరుగుతుంది. విమర్శకుడు విలియం ఎంప్సన్ ఆ మాట, దాని రూపాలు 52 సార్లు వచ్చాయని లెక్కగట్టి ఓ వ్యాసమే రాశాడు. ఆడదానికి వాడితే పాతివ్రత్యం. మగవాడికి వాడితే నిజాయతీ. పైవాడు కిందివాడికి వాడితే “మంచోడే పాపం” అన్న చులకన. విలన్ ఇయాగోను అందరూ పదేపదే హానెస్ట్ అంటుంటే మనం నిజాయతీ ఒక్కటే వింటాం. వాడికి మాత్రం ఆ చులకన కూడా వినబడుతోంది. పై పదవికి తనను కాదని ఇంకొకణ్ణి తీసుకున్నారన్న కడుపుమంట మీద ఈ మెచ్చుకోలు ఎలా పనిచేసి ఉంటుంది! నాకైతే ఇయాగో ఎందుకంత విషం కక్కాడనే ప్రశ్నకు పండితులు చెప్పిన పెద్ద పెద్ద జవాబులకన్నా ఈ చిన్న మాటే ఎక్కువ చెబుతుంది.

ఈ మార్పులు మనకు వింత కాదు. కావ్యాల్లో ‘కంపు’ సువాసన, ‘చీర’ మగవాళ్లూ కట్టే బట్ట. నన్నయను చదివేటప్పుడు వదలని జాగ్రత్తను షేక్‌స్పియర్ దగ్గర వదిలేస్తాం, అంతే తేడా. అక్షరాలు ఇవాళ్టి ఇంగ్లీషులాగే కనబడుతున్నాయి కాబట్టి.

డిక్షనరీ లేని ఊరు

ఇంగ్లీషు మాటలకు ఇంగ్లీషులోనే అర్థాలిచ్చిన తొలి నిఘంటువు 1604లో వచ్చింది. రాబర్ట్ కాడ్రీ అనే బడిపంతులు చేశాడు. అందులో సుమారు 2,500 మాటలు, అవీ కష్టమైనవే. ఆడవాళ్ల కోసం, పెద్దగా చదువుకోనివాళ్ల కోసం అని ముఖపత్రం మీదే వేసుకున్నాడు. అంటే, మార్లో ‘డాక్టర్ ఫాస్టస్’ ఆడినప్పుడూ ‘హామ్లెట్’ తొలిసారి రంగమెక్కినప్పుడూ, పెన్నీ ఇచ్చి నేల మీద నిలబడి చూసినవాడికి మాట తెలియకపోతే చూసుకోవడానికి ఏ పుస్తకమూ లేదు. లాటిన్ నుంచి, ఫ్రెంచి నుంచి, ఇటాలియన్ నుంచి మాటలు వరదలా వచ్చిపడుతున్నాయి. ఏది నిలుస్తుందో, ఏది కొట్టుకుపోతుందో ఎవరికీ తెలియదు.

దీన్ని బెన్ జాన్సన్ రంగస్థలం మీదే ఎగతాళి చేశాడు. 1601లో ఆడిన ‘పోయెటాస్టర్’లో, సంస్కృతం దట్టించే మన పండితమ్మన్యుల్లాంటి క్రిస్పినస్ అనే కవి ఉంటాడు. అది తోటి నాటకకర్త జాన్ మార్‌స్టన్ మీద విసురు. ఆ కవికి మాత్ర మింగిస్తారు. అందరి ముందూ పళ్లెంలోకి కక్కుకుంటాడు. కక్కేది అన్నం కాదు, మాటలు. ఒక్కొక్కటీ గొంతులో అడ్డం పడుతూ బయటికొస్తుంది. నవ్వాల్సిన ఘట్టమే గాని, ఆ కక్కిన మాటల జాబితా ఇవాళ చూస్తే మనకు వేరే నవ్వొస్తుంది. ‘ఆబ్‌స్టుపిఫ్యాక్ట్’, ‘ఆబ్లట్రెంట్’ లాంటివి జాన్సన్ అనుకున్నట్టే చచ్చిపోయాయి. కానీ వాటి పక్కనే ‘రెసిప్రోకల్’, ‘స్ట్రెన్యువస్’, ‘కాన్షస్’, ‘స్పూరియస్’, ‘డిఫంక్ట్’, ‘క్లమ్సీ’ ఉన్నాయి. ఇవన్నీ ఇవాళ ఆఫీసు ఫైళ్లలో, క్రికెట్ కామెంటరీలో హాయిగా తిరుగుతున్నాయి. జోకు అర్థం కావాలంటే, మనకు తెలిసిన మాటల్ని తెలియనట్టు వినడం నేర్చుకోవాలి!

ఇంకో ఉదాహరణ మిడిల్టన్, డెకర్ కలిసి రాసిన ‘ద రోరింగ్ గర్ల్’. 1611లో అచ్చైంది. మగ దుస్తుల్లో తిరుగుతూ లండన్‌లో గగ్గోలు పుట్టించిన మేరీ ఫ్రిత్ అనే నిజమైన మనిషిని కథానాయికగా పెట్టుకున్నారు. ఒక సన్నివేశంలో దొంగల రహస్యభాష పొంగి పొర్లుతుంది. పక్కనున్న పెద్దమనుషులకు ముక్క అర్థం కాదు. ఆమె ఒక్కో మాటకూ అర్థం చెబుతుంది. వాళ్ల వంకతో ప్రేక్షకులకూ చెబుతోందన్నమాట. ఫుట్‌నోట్ నాటకంలోనే ఉంది.

షేక్‌స్పియర్ ఇదే పనిని కనబడకుండా చేస్తాడు. హత్య చేసి వచ్చిన మెక్‌బెత్ తన నెత్తుటి చేతిని చూసుకుంటూ, ఈ చెయ్యి సముద్రాల రంగునే మార్చేస్తుందంటాడు. అక్కడ ‘మల్టిట్యూడినస్’, ‘ఇన్‌కార్నడిన్’ అని రెండు కొండంత లాటిన్ మాటలు పడతాయి. నేల మీద నిలబడ్డవాడు నోరు తెరిచేలోగానే, తర్వాతి పాదంలో అదే సంగతి చిట్టి చిట్టి ఇంగ్లీషు మాటల్లో వచ్చేస్తుంది. పచ్చనిది ఎర్రనవుతుందని. పెద్ద సమాసం విసిరి వెంటనే తేట తెలుగులో అర్థం జారవిడిచే మన హరిదాసులకు ఈ కిటుకు బాగా తెలుసు. మాట తెలియనివాడికి అర్థం అందుతుంది, తెలిసినవాడికి ఆ రెంటి మధ్య శబ్దభేదం అందుతుంది.

ఇక్కడో పాత అపోహ. షేక్‌స్పియర్ వేల కొద్దీ మాటల్ని స్వయంగా పుట్టించాడని అంటుంటారు. పంతొమ్మిదో శతాబ్దంలో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు కోసం చీటీలు రాసిన స్వచ్ఛంద పాఠకులు అందరికన్నా ఎక్కువగా చదివింది ఆయన్నే. అందువల్ల చాలా మాటలకు తొలి ప్రయోగం ఆయన పేరు మీద పడింది. 2015లో ఆ కాలపు పుస్తకాలు దాదాపు 25,000 కంప్యూటర్‌లో వెతుక్కోవడానికి వీలుగా అందరికీ అందుబాటులోకి వచ్చాయి. అలాంటి వెతుకులాటల్లో, ఆయనవనుకున్న మాటలు అంతకుముందే ఎవరో అనామకుడి కరపత్రంలో బయటపడుతున్నాయి. ఆయన గొప్పతనం దీనివల్ల తగ్గదు. వీధిలో పుట్టిన మాట చెవిన వేసుకోవడం కూడా విద్యే.

పట్టపగలు అర్ధరాత్రి

థేమ్స్ దక్షిణపు ఒడ్డున 1599లో కట్టిన గ్లోబ్ నడిమి భాగానికి కప్పు లేదు. ఆట మధ్యాహ్నం. లైట్లు లేవు, తెర లేదు, సెట్టింగులు నామమాత్రం. ‘హామ్లెట్’ మొదలయ్యేది మాత్రం కోట బురుజు మీద, గడ్డకట్టే చలిలో, అర్ధరాత్రి. ఎలా నమ్మించాలి? రచయిత మొదటి మాటతోనే పని కానిచ్చాడు. ఎవరక్కడ అని గద్దించాల్సింది కాపలా కాస్తున్న సిపాయి. కానీ అడిగేది డ్యూటీ మార్చుకోవడానికి వస్తున్నవాడు. కాపలావాడు, ముందు నువ్వెవరో చెప్పమని ఎదురు తిరుగుతాడు. క్షణంలో మూడు సంగతులు తెలిశాయి: చీకటి, భయం, ఈ రాజ్యంలో ఎవరూ తమ చోట తాము లేకపోవడం. పన్నెండు గంటలు కొట్టిందన్న మాట, చలి సంగతి ఆ వెనకే వస్తాయి. ఇలా దీపాలు, దుస్తులు, నటుడి కదలిక, అన్నీ డైలాగులోనే దాగి ఉంటాయి. చదివేటప్పుడు ‘ఇది’, ‘అది’, ‘ఇక్కడ’ అనే చిన్న మాటల దగ్గర ఆగితే నటుడి వేలు ఎటు చూపిస్తోందో కనబడుతుంది.

మరో సంగతి. నటుడి చేతికి పూర్తి నాటకం ఇచ్చేవారు కాదు. కాగితం ఖరీదు, రాయసగాడి కూలి, పైగా ప్రతి మరో కంపెనీ చేతిలో పడుతుందన్న బెంగ. ఎవరి పోర్షన్ వాళ్లకే, అవతలివాడి చివరి రెండు మూడు మాటలు క్యూగా చేర్చి, పొడవాటి చుట్టగా అంటించి ఇచ్చేవారు. ఆ కాలపు పెద్ద నటుడు ఎడ్వర్డ్ ఆలెన్ వాడిన చుట్ట ఒకటి, రాబర్ట్ గ్రీన్ నాటకం ‘ఒర్లాండో ఫ్యూరియోసో’లోది, లండన్‌లోని డల్విచ్ కాలేజీలో ఇప్పటికీ ఉంది. అంటే, అవతలివాడు తనతో ఏమంటాడో నటుడికి ముందుగా తెలియదు. అందుకే సూచనలన్నీ తన మాటల్లోనే ఉండాలి. పద్యం హఠాత్తుగా వచనమైతే మనసు ఎక్కడో చెదిరిందని, ‘యూ’ ‘దౌ’ అయితే గొంతు మార్చాలని, పాదం సగంలో ఆగితే మిగతా సగం వెంటనే ఇంకెవరో అందుకుంటారని అతను గ్రహించేవాడు.

ఆ పద్యం సంగతి చెప్పకపోతే కథ కుంటుతుంది. పాదానికి పది అక్షరాలు, ఒకటి తేలిక, ఒకటి ఊనిక, అంత్యప్రాస లేదు. మనకు గురులఘువులెలాగో వాళ్లకు ఊనిక అలాగ. 1580ల చివర్లో మార్లో ‘టాంబర్‌లేన్’ ఈ పాదాన్ని జనం చెవుల్లో మోతెక్కించింది. షేక్‌స్పియర్ దాన్ని విరగ్గొట్టడం నేర్చుకున్నాడు. రాజును చంపి మెక్‌బెత్ మెట్లు దిగి వచ్చాక, భార్యాభర్తలు ఒక్క పాదాన్ని నాలుగు ముక్కలుగా పంచుకుంటారు. ఒక ప్రశ్న. దానికి జవాబు బదులు ఒక్క మాటతో ఎదురు ప్రశ్న. ఒక్క మాట జవాబు. మళ్లీ ప్రశ్న. ఆ తర్వాత మిగిలేది ఒక్క అవును. అర్థం కాని మాట అందులో ఒక్కటీ లేదు. ఇద్దరు కూర్చుని పైకి చదివి చూడండి, మధ్యలో ఊపిరి తీసుకోవడానికి సందు దొరకదు.

ఆ పది అక్షరాల కోసమే మాటల వరస తారుమారవుతుంది. కర్త ఎక్కడో, క్రియ ఎక్కడో. విభక్తులున్న భాషలో పుట్టిన మనం దీనికి బెదరనక్కర్లేదు. పద్యానికి అన్వయం చెప్పుకున్నట్టే ముందు క్రియను పట్టుకుంటే మిగతావన్నీ వచ్చి దాని చుట్టూ కూర్చుంటాయి.

‘ర్’ పలికితే తప్పు కాదు

2004లో లండన్‌లోని కొత్త గ్లోబ్‌లో ‘రోమియో అండ్ జూలియట్’ను నాలుగు శతాబ్దాల కిందటి ఉచ్చారణతో ఆడించారు. భాషావేత్త డేవిడ్ క్రిస్టల్ తర్ఫీదు ఇచ్చాడు. ఆ ఉచ్చారణలో ప్రాసలు మళ్లీ కలిశాయి, చచ్చిపోయాయనుకున్న శ్లేషలు లేచి కూర్చున్నాయి. ‘నాలుగో హెన్రీ’ మొదటి భాగంలో ఫాల్‌స్టాఫ్‌ను కారణం చెప్పమంటే, కారణాలు పండ్లంత చవకగా దొరికినా చెప్పనని మొరాయిస్తాడు. ఇందులో పండ్లెందుకొచ్చాయి? ‘రీజన్’ అప్పట్లో ‘రేజన్’లా పలికేది, అంటే కిస్‌మిస్. ‘యాజ్ యు లైక్ ఇట్’లో గంటల గురించి విదూషకుడు వేసిన వేదాంతం విని జాక్విస్ గంటసేపు ఎందుకు నవ్వాడంటే, గంటను సూచించే మాటా వేశ్యను సూచించే మాటా అప్పుడు చెవికి ఒకటే. నోట్స్ రాసిన మర్యాదస్తులు చాలాకాలం ఈ సంగతి దాటవేశారు.

ఆ ఉచ్చారణలో అచ్చు తర్వాత వచ్చే ‘ర్’ స్పష్టంగా వినబడుతుంది. ‘కార్’, ‘హార్ట్’ అని ‘ర్’ నొక్కి పలికినందుకు మనల్ని “అది ఇంగ్లీషు ఉచ్చారణ కాదు” అని సరిదిద్దిన టీచరమ్మలు ఎందరో! 1611లో ఈస్టిండియా కంపెనీ ఓడ మన తీరానికి వచ్చి, మచిలీపట్నంలో, ఇప్పటి నిజాంపట్నంలో వర్తకం మొదలుపెట్టింది. ఓడ పేరు, కాకతాళీయంగా, ‘గ్లోబ్’. దిగిన వర్తకులు మాట్లాడింది ఆ కాలపు ఇంగ్లీషే. తెలుగు నేల మీద తొలినాళ్లలో వినబడ్డ ఇంగ్లీషులో ‘దౌ’లూ ‘హాత్’లూ ఉన్నాయి, నోటినిండా ‘ర్’ కూడా ఉంది.

ఇంగ్లీషులోంచి ఇంగ్లీషులోకి

అమెరికాలోని ఒరెగాన్ షేక్‌స్పియర్ ఫెస్టివల్ 2015లో ఒక ప్రకటన చేసి తుట్టె కదిపింది. 36 మంది నాటక రచయితలకు 39 నాటకాలు అప్పగించి, ఇవాళ్టి ఇంగ్లీషులోకి తేవాలని. అపచారమని కొందరు, అర్థం కాకపోతే అమృతమైనా దండగని ఇంకొందరు తగువులాడుకున్నారు. అందులో పెద్ద పాపం నాకేమీ కనబడలేదు. మూలం ఎక్కడికీ పోదు. కానీ ఆ రచయితలకు ఒక చిక్కుంది. ‘దౌ’ను ‘యూ’గా మారిస్తే గెర్‌ట్రూడ్ గొంతు మారిన క్షణం మాయమవుతుంది. ఇవాళ్టి ఇంగ్లీషులో దానికి చోటే లేదు.

తెలుగు అనువాదకుడికి ఆ చిక్కు లేదు. వావిలాల వాసుదేవశాస్త్రి 1870ల్లోనే ‘జూలియస్ సీజర్’ను ‘సీజరు చరిత్రము’గా తేటగీతుల్లోకి తెచ్చారు. ప్రాస నియమం లేని పాదానికి అంత దగ్గరి ఛందం ఎంచుకోవడం చిన్న విషయం కాదు. వీరేశలింగం పంతులు ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’ను ‘చమత్కార రత్నావళి’గా మలిచి విద్యార్థుల చేత ఆడించారు. ఆ తర్వాతివాళ్లు కూడా షేక్‌స్పియర్ కథను తేవడం మీద పెట్టిన శ్రద్ధ, ఎవరు ఎవర్ని ఎలా పిలిచారన్నదాని మీద పెట్టి ఉంటే ఇంకా బాగుండేదని నాకనిపిస్తుంది. ఇవాళ ఎవరైనా ‘లియర్’ను తెలుగులోకి తేదలిస్తే, ముందుగా మొదటి సన్నివేశంలోని ‘నువ్వు’లను, ‘మీరు’లను ఎర్ర సిరాతో గుర్తుపెట్టుకోమంటాను.

మూలం అన్నాం గాని, అదీ ఒక్కటి కాదు. ‘హామ్లెట్’ 1603లో ఒకలా, 1604-05లో ఒకలా, 1623 నాటి ఫోలియో అనే నాటకాల సంపుటిలో ఇంకోలా అచ్చైంది. 1606లో రంగస్థలం మీద దేవుడి పేరుతో ఒట్లు పెడితే పది పౌండ్ల జరిమానా అన్నారు. దాంతో పాత ఒట్లు పోయి వాటి చోట ‘హెవెన్’ లాంటి సాదా మాటలు వచ్చాయి. 1622 నాటి ‘ఒథెల్లో’ ప్రతిలో ఇయాగో నోటికి అడ్డూ అదుపూ లేదు. మరుసటి ఏడాది ఫోలియోలో వాడు ఒట్ల విషయంలో బుద్ధిమంతుడైపోయాడు.

ఒక్కోసారి అచ్చుతప్పే మేలు చేస్తుంది. ‘మచ్ అడూ అబౌట్ నథింగ్’లో డాగ్‌బెరీ అనే పోలీసు ఉంటాడు. పెద్ద మాటలు వాడాలన్న కోరిక, ఏ మాటా సరిగ్గా పలకని నాలుక. దొంగల్ని ‘అప్రిహెండ్’ చేశామనబోయి ‘కాంప్రిహెండ్’ చేశామంటాడు. ఇందులో నవ్వడానికి నోట్సు అక్కర్లేదు. 1600లో అచ్చైన ప్రతిలో కొన్నిచోట్ల డైలాగు ముందు డాగ్‌బెరీ పేరుకు బదులు కెంప్ అని ఉంటుంది. విల్ కెంప్ ఆ వేషం వేసిన హాస్యనటుడు. రాస్తున్నప్పుడు షేక్‌స్పియర్ చెవిలో మోగుతున్నది పాత్ర కాదు, ఆ మనిషి గొంతు. కెంప్ కంపెనీ వదిలేసి 1600లో లండన్ నుంచి నార్విచ్ దాకా దారిపొడవునా డాన్సు చేసుకుంటూ వెళ్లాడు, ఆ యాత్ర మీద పుస్తకమూ వేసుకున్నాడు. అతని చోట్లోకి రాబర్ట్ ఆర్మిన్ వచ్చాడు. పాడగలడు, మాటను నాలుగు రకాలుగా మెలిపెట్టగలడు. అప్పటి నుంచి విదూషకులు తడబడటం మానేశారు. ‘ట్వెల్ఫ్త్ నైట్’లో ఫెస్టే, ‘లియర్’లో రాజు వెంట తిరిగే ఫూల్, ఇద్దరూ ఆర్మిన్ కోసం రాసినవాళ్లేనని పండితుల అభిప్రాయం. ఆ ఫూల్ మాత్రం లియర్‌ను తరచూ ‘దౌ’ అంటాడు. ఎవరూ వాణ్ణి దేశం నుంచి వెళ్లగొట్టరు.